గొట్టం వేసిన తేదీ రాయండి

సంపాదకులకు,
విశాఖ ఎమర్జెన్సీ వార్డులకు శ్రీకాకుళం, పాడేరు నుంచి కూడా రోగులు వస్తారు. ప్రాణం నిలబెట్టే హడావిడిలో చేతికో, మెడకో, తొడకో రక్తనాళంలోకి గబగబా గొట్టం వేస్తారు. దాన్ని తప్పుపట్టను. వార్డుకి మార్చాక దాని సంగతి ఎవరికీ పట్టకపోవడమే బాధ. శుభ్రత పూర్తిగా పాటించే వీలు లేకుండా, మెడ లేదా తొడ దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వేసిన సెంట్రల్ లైన్‌ను వీలైనంత త్వరగా, 48 గంటల్లోపే మార్చాలని నిపుణుల మార్గదర్శకాలున్నాయి. షుగర్, డయాలసిస్ రోగులకు, వృద్ధులకు రక్తంలో ఇన్ఫెక్షన్ ముప్పు మరీ ఎక్కువ. యూరిన్ గొట్టమైతే అవసరం తీరినా అలాగే వదిలేస్తారు (సిబ్బందికి అదే సులువు మరి!). ప్లాస్టర్ మీద తేదీ, సమయం పెన్నుతో రాయడానికి ఖర్చేముంది? రోజూ రౌండ్స్‌లో "ఇది ఇంకా కావాలా?" అని డాక్టర్లు అడిగి తీరాలి. చలిజ్వరం వస్తే, వీలైనంత వరకు యాంటీబయాటిక్‌కు ముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్షకు) రక్తం తీయాలి. ప్రైవేటు, ప్రభుత్వ ఆసుపత్రులు రెండింటికీ వైద్యాధికారులు ఈ మేరకు ఆదేశాలివ్వాలి.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం