వన్స్ మోర్ అని అరిచేశాను రా!

ఒరేయ్ శీనూ,

తిట్టుకో, ఆలస్యమైంది. నీ రెండు ఉత్తరాలూ బల్ల మీదే ఉన్నాయి. ఇక్కడ అంతా కులాసా. చలి తగ్గలేదు, పాపకి పళ్లొస్తున్నాయి, ఉద్యోగం ఉంది. అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి విను.

మార్చి 2, శనివారం మధ్యాహ్నం ఒపెరా, అదే వీళ్ల పాటల నాటకం, చూశాను. నవ్వకు. న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపెరా వాళ్లు ఆడుతుంటే ఇక్కడ న్యూజెర్సీలో సినిమా హాల్లో లైవ్ వేస్తారు. ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలిపోతే నా చేతిలో పెట్టాడు. ఇటలీ స్వరకర్త డోనిజెట్టి 1840 నాటి ఒపెరా. ఫ్రెంచి పేరు నా నోరు తిరగలేదు గానీ మన భాషలో ‘పటాలం పిల్ల’ అనుకో. ఆ పిల్ల కోసం పటాలంలో చేరిపోయే కుర్రాడు హీరో. వేసినవాడు మెక్సికో టెనర్, అంటే పైస్థాయి గొంతున్న మగ గాయకుడు, హవియేర్ కమరేనా. బొద్దుగా, అచ్చం మన సత్తిపండులా ఉన్నాడు. వీడేం పాడతాడులే అనుకున్నాను.

నోరు తెరిచాడురా! ఆ పాటలో ‘హై సి’ అనే పైస్వరం తొమ్మిదిసార్లు తగలాలి. దొంగగొంతు కాదు, నిండు గొంతుతో. మైకు లేదు. కింద ఆర్కెస్ట్రా, ఎదురుగా మూడు వేల పైచిలుకు సీట్ల హాలు. 1972లో ఇటలీ టెనర్ పవరోట్టి అక్కడే ఈ పాట పాడితే జనం 17సార్లు తెర ముందుకి రప్పించారట. వీడు తొమ్మిదీ నవ్వుతూ కొట్టేశాడు. అక్కడ చప్పట్లు ఆగవు. నేను ఎక్కడున్నానో మర్చిపోయి, “వన్స్ మోర్!” అని అరిచేశాను. పక్కనున్న ముసలావిడ ఉలిక్కిపడి పాప్‌కార్న్ ఒలకబోసుకుంది.

వాడు మళ్లీ పాడాడు! తొమ్మిదీ తొమ్మిదీ పద్దెనిమిది. నా మాట వినే పాడాడని ఆవిడ అనుకునే ఉంటుంది.

కథ ఆగిపోతుందని ఆ మెట్రోపాలిటన్‌లో మామూలుగా మళ్లీ పాడనివ్వరట. 2014లో వేరే ఒపెరాలో ఫ్లోరెజ్ అనే టెనర్‌కి ఒంట్లో బాగోకపోతే ఈ కమరేనాయే ఆ చోట్లో దిగి వన్స్ మోర్ కొట్టాడు. అంతకుముందు డెబ్భై ఏళ్లలో అక్కడ ఆ గౌరవం దక్కింది పవరోట్టికీ, ఫ్లోరెజ్‌కీ మాత్రమే. లైవ్ ప్రసారంలోనైతే మొన్నటిదే మొదటిదట. మన తెనాలిలో అయితే లోహితుడు చచ్చి పడున్నా, కాటిసీనులో మీ పెదనాన్నకి నాలుగో వన్స్ మోర్ పడేది. ఆ నాలుగోది పల్లీల ఖర్చు అని మనిద్దరికే తెలుసు. నా వాటా నువ్వింకా ఇవ్వలేదు.

మర్నాడు సమీక్షలు వెతికి చదివాను. ఆ పైస్వరాల తేలిక, మెరుపు గురించి ఒకటే పొగడ్త. కాదనను. కానీ నన్నడిగితే, రెండో అంకంలో పిల్లనిమ్మని వేడుకుంటూ మెల్లగా ఒక పాట పాడతాడు చూడూ, గొప్పతనమంతా అక్కడుంది. గొంతు సన్నబడుతుంది, తెగదు. హాల్లో నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. మీ పెదనాన్న గొంతు పోయాక అరుగు మీద కూర్చుని, పద్యం పెదాలతో మాత్రమే... సరే, అది ఇప్పుడు వద్దులే.

ఇంకోటి, ఆ ముసలావిడ బయటికొచ్చాక నన్ను ఆపి ఏం అడిగిందో తెలుసా... పాప లేచింది, వాళ్లమ్మ పిలుస్తోంది. మిగతాది రేపు

నీ
హార్మనీ పెట్టె