ఆసు పోసిన తల్లులకూ ఆ పేరు దక్కాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం సందర్భంగా మీ పత్రిక ప్రత్యేక కథనాలు ప్రచురిస్తోంది. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి శ్రీకారం చుట్టినందుకు గుర్తుగా 2015 నుంచి ఈ దినోత్సవం జరుపుకుంటున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ కథనాల్లో మగ్గం మీద కూర్చున్న నేతన్న ఫొటో తప్పకుండా ఉంటుంది, ఆయన భార్య ఫొటో మాత్రం అరుదుగా కనిపిస్తుంది. పోచంపల్లి ప్రాంతంలోని నేత కుటుంబంలో పుట్టి, అమ్మానాన్నల రెక్కల కష్టంతో చదువుకుని, నేడు ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేస్తున్న కూతురిగా, వారిద్దరి గురించి, ముఖ్యంగా మా అమ్మ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కత్ చీరకు చిటికి కట్టే ముందు, అంటే అద్దకంలో రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టే ముందు, ఆ నూలును ఆసు మీద పోయాలి. ఒక చివర ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉండే చట్రం అది. ఒక్క చీర కోసం చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ కదలాలి. నాలుగైదు గంటల పని. లెక్క తప్పితే నాన్న కట్టే చిటికి తప్పుతుంది, అద్దకంలో పువ్వు చెదిరిపోతుంది. అందుకే అమ్మ పెదవుల మీద ఎప్పుడూ ఏదో ఒక అంకె ఆడుతూనే ఉండేది. పక్కన కూర్చుని పైకి చదువుకుంటూ నేను ఏదైనా అడిగితే, ఎడమ చెయ్యి ఎత్తి ఆగమని సైగ చేసి, ఆ వరుస పూర్తయ్యాకే నా వైపు తిరిగేది. తిరిగిందంటే మాత్రం నా సందేహం తీరేదాకా కదిలేది కాదు. రాత్రిపూట ఆమె భుజానికి జండూబామ్ రాయడం మా అక్కాచెల్లెళ్ల వంతు. నాకూ ఆసు నేర్పమని ఎన్నిసార్లు అడిగినా నేర్పలేదు. "ఈ ఇంటికి నా చెయ్యి చాలు, నువ్వు సదువుకో" అనేది.

నాన్న మితభాషి. నా ఇంటర్ పూర్తికాగానే సంబంధాలు తెచ్చిన బంధువులు, ఆడపిల్లకు ఇంకా చదువెందుకని పట్టుబడితే, మగ్గం గుంటలోంచి లేవకుండానే "నా బిడ్డ ఫీజు నేను గడుతున్న, మీకేం బాధ?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను కోఠి మహిళా కళాశాలలో చేరాను. చీరలు అప్పగించడానికి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా గేటు దాకా వచ్చి, డబ్బులు చేతిలో పెట్టి, మార్కుల ఊసెత్తకుండా, హాస్టల్లో కడుపునిండా పెడుతున్నారా అని మాత్రం అడిగి బస్సెక్కేవాడు.

తల్లి భుజం నొప్పిని చూసి తట్టుకోలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, ఆరో తరగతితోనే చదువు ఆగిపోయినా, ఏళ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారుచేశారు. దానికి తన తల్లి లక్ష్మి గారి పేరే పెట్టారు. చేత్తో గంటల కొద్దీ సాగే పని దాని మీద గంటన్నరలో పూర్తవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్లో అందరికంటే ఎక్కువగా సంతోషించినది ఆసు పోసే ఆడవాళ్లే. ఒక కొడుకు తల్లి రుణాన్ని ఇంతకంటే గొప్పగా తలచుకున్న ఉదాహరణ నాకు తెలియదు. నాకు ఉద్యోగం వచ్చాక ఇంటికి మొదట కొన్న వస్తువు ఆ యంత్రమే. అమ్మ దానిని వెంటనే నమ్మలేదు, మొదటి చీరకు అది పోసిన పోగులన్నీ మళ్లీ చేత్తో లెక్కపెట్టి చూసుకుంది.

2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికుల్లో దాదాపు 72 శాతం మంది మహిళలే. అయినా పోచంపల్లి చీర కట్టుకుని పెళ్లికి వెళ్లినప్పుడు ఎవరు నేశారని అడిగేవారే తప్ప, ఆసు ఎవరు పోశారని అడిగినవారు ఇంతవరకు నాకు ఎదురుపడలేదు. నేత ఇళ్ల నుంచి చదువుకుని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడిన మాలాంటి పిల్లలమే ఆ మాట ముందుగా చెప్పాలి, మా ఫీజుల్లో సగం ఆ చేతుల సంపాదనే కనుక.

కాబట్టి వచ్చే ఆగస్టు 7న ఆసు పోసే, కండెలు చుట్టే తల్లులను వారి పేర్లతో, వారి మాటల్లోనే పాఠకులకు పరిచయం చేయవలసిందిగా కోరుతున్నాను. అలాగే, తమను చదివించిన తల్లిదండ్రుల గురించి రాయమని నేతన్నల పిల్లలను ఆహ్వానించి, ఒక పేజీ కేటాయించండి. అమ్మానాన్నలు కళ్లారా చూసుకునే రోజుల్లోనే అవి అచ్చు కావాలి. మా ఇంటి తరఫున మొదటి ఉత్తరంగా దీనిని స్వీకరించగలరు.

ఇట్లు,
ఒక నేత దంపతుల కుమార్తె,
యాదాద్రి భువనగిరి జిల్లా