తంగేడు గింజలు పంపుతున్న, నవ్వకు

అరే దోస్తూ,

నువ్వు ఫోన్‌ల అడిగినదానికి ఫోన్‌లనే జవాబు చెప్పొచ్చు. గాని నువ్వు మధ్యలనే "సరే సరే" అని పెట్టేస్తవని నాకు తెలుసు, అందుకే కాగితం తీసిన. ఘట్‌కేసర్ దిక్కు కొన్న ఇల్లు మంచిగుందట, మా ఇంట్లామె మీ ఇంట్లామెతోని గంటసేపు మాట్లాడి అంతా చెప్పింది. ముంగట పదడుగుల జాగ, పొద్దుమీకి దాకా ఎండ, కింద మొరం, బోరు నీళ్లు అంతంతమాత్రం. నువ్వేమో నెలకు పదిహేను రోజులు డ్యూటీ మీద ఊర్లు తిరుగుడు. ఇట్లాంటి ఇంటికి ఏ పూలచెట్టు పెట్టాలె అని కదా అడిగినవ్. తంగేడు పెట్టు.

నవ్వినవా? నవ్వు. నేను గేటు పక్కన గుంత తవ్వుతుంటే మా ఇంట్లామె కూడా నవ్వింది. "రోడ్డు పొంట దానంతటదే మొలిచే చెట్టును లోన్ తీసి కట్టిన ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న" అన్నది. నేను గూడ మొదట్ల ఆమె పార్టీనే. అందుకే గులాబీలకు పోయిన. నర్సరీల విరగబూసి ఉన్నయి ఐదు తెచ్చిన. ఉన్న పూలు రాలినయి, మళ్ల పుయ్యలే. ఆకు మీద నల్లమచ్చ, కొమ్మ కొస నుంచి ఎండుడు, వారానికో మందు. మే నెలల పది రోజులు బిడ్డ దగ్గరికి పోయొచ్చేసరికి ఐదూ పొయ్యిల పుల్లలే. తర్వాత కాగితంపూలు పెట్టిన. దానికి వంక పెట్టను, ఎండకు బెదరదు, నీళ్లడగదు. గాని ముండ్లురా! స్కూటర్ తీసిన ప్రతిసారి చొక్కా పట్టుకొని ఆపుతది. గన్నేరు పెడదామనుకున్న గాని దాని ఆకు, కొమ్మ, పువ్వు అంతా విషమే. మా మనుమడు అప్పటికి దొరికిందల్ల నోట్ల పెట్టుకునే వయసుల ఉండె. వద్దనుకున్న.

ఇగ ఒకనాడు ఏప్రిల్‌ల కీసరగుట్ట దర్శనం చేసుకొని వస్తున్నం. గడ్డంతా మాడి బూడిదరంగుకు వచ్చింది. రాళ్ల సందున ఒక్క తంగేడు మాత్రం పచ్చగ నిలబడ్డది. దానికి ఎవరు పోస్తున్నరు నీళ్లు? బండి ఆపి చూసిన. పక్కన మేకలమంద పోతున్నది, ఒక్క మేక కూడ దాని దిక్కు మూతి పెట్టలే. మనం చిన్నప్పుడు చూసిందే గదా ఇదంతా. గట్టు మీద ఏదున్నా మేకలు నున్నగ మేసేటివి, తంగేడును మాత్రం ముట్టకపోయేటివి. మీ నాయిన మండలు కొట్టుకొచ్చి వరిమడిల తొక్కించేటోడు, ఎరువుకు. పొద్దున పండ్లు తోముకునే పుల్ల కూడ అదే. తోళ్లు పదును చేసేటోళ్లకు దాని చెక్కనే ఆధారం. ఇన్ని పనులు చేసిన చెట్టును మనం పట్నం వచ్చినంక పిచ్చిచెట్టు అన్నం.

సరే, ఆశ పుట్టింది. తెల్లారి గడ్డపార పట్టుకొని పోయి మోకాలెత్తు మొక్కను తవ్విన. పైన మోకాలెత్తే, లోపల వేరు ఎంత దూరం పోయిందో అంతు దొరకలే. మొరంలకు మేకు కొట్టినట్టు దిగి ఉన్నది. చివరికి ఠప్‌మని తెగింది. తెచ్చి పాతిన, నాలుగు రోజులల్ల తల వేలాడేసింది. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. పెద్ద మొక్కను పీకి తెస్తే బతకదు.

తర్వాత గింజలు. పది పెట్టిన, పదిహేను రోజులైనా ఒక్కటి మొలవలే. దాని పైపొట్టు అంత గట్టిది, నీళ్లను లోపలికి రానియ్యది. గ్లాసుల పొయ్యి మీదికెళ్లి దించిన వేడినీళ్లు పోసి, గింజలేసి, తెల్లారేదాక వదిలెయ్యాలె. పొద్దున చూస్తే కొన్ని ఉబ్బి ఉంటయి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్ది మళ్ల నానెయ్యాలె. అట్ల చేస్తే ఏడు మొలిచినయి. ఇగ నా సంబురం చూడాలె. మంచి కుండీ, వానపాముల ఎరువు, పొద్దున మాపున నీళ్లు. రెండు నెలలు ముద్దుగ పెరిగినయి, తర్వాత ఆకులు పసుపుపచ్చగై రాలుడు షురూ. నీళ్లు తక్కువైనయేమో అని ఇంకొక చెంబు పోసిన. పీకి చూస్తే వేరు నల్లగ కుళ్లి వాసనొస్తున్నది. నా చేతులతోనే ముంచి చంపిన.

మూడోసారి కుండీ జోలికి పోలే. మృగశిర కార్తెల, తొలివాన పడ్డంక, గేటుకు ఎడమ పక్కన నేలల్నే మూడు గింజలు పెట్టిన. ఎరువు లేదు, ఎర్రమట్టి లేదు, ఉన్న మొరమే. పెట్టిన నెలకే నా మోకాలు ఆపరేషన్, నువ్వొచ్చి చూసిపోయినవ్ గదా. మూడు నెలలు గేటు దాక నడవలే. ఇంట్ల అందరు నా చుట్టే, ఇగ చెట్టును ఎవరు చూస్తరు? కర్ర పట్టుకొని మొదటిసారి బయటికొచ్చిననాడు రెండు మొక్కలు నా నడుము దాక వచ్చి నిలబడి ఉన్నయి. మా ఇంట్లామె అన్నమాట ఇప్పటికీ మరువను: "నువ్వు మంచంల పడ్డవు గన్క బతికినయి."

ఆ రెండింట్ల బలమైనదాన్ని ఉంచి ఇంకొకటి తీసేసిన, ఎందుకంటే ఒక్కో పొదకు ఐదారు అడుగుల జాగ కావాలె. రెండో యేడు ఆగస్టుల పూత పట్టింది. ఇప్పుడు రోజు పొద్దున ఏడింటికి చాయ్ పట్టుకొని దాని పక్కన కుర్చీ వేసుకుంట. ఆకు మొదల్ల చూస్తే రెండు గుండ్రటి చిన్న ఆకులు చెవుల లెక్క ఉంటయి. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సెన్నా ఆరిక్యులేటా, ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. ఇన్నేండ్లు ఆ చెట్టు నడుమనే పెరిగినం, ఆ చెవులను నేను అరవై దగ్గరపడ్డంక చూసిన!

ఇంకొక ముచ్చట. ఈ పువ్వుల తేనె ఉండదు, పుప్పొడే. అది కూడ పుప్పొడితిత్తి కొసన చిన్న రంధ్రంల నుంచే రావాలె. నల్లగ, బొటనవేలంత పెద్ద తుమ్మెద వస్తది. వచ్చేటప్పుడు మామూలు రొదే. పువ్వును కాళ్లతోని గట్టిగ పట్టుకున్నంక రెక్కలు కదలవు, గాని చప్పుడు మారుతది. సన్నగ, తీగ మీటినట్టు జుంయ్ మంటది. ఆ అదురుకు పుప్పొడి రాలి దాని నల్లపొట్ట పసుపు పూసినట్టయితది. పువ్వును వదిలి ఇంకొకదానికి పోంగనే మళ్ల అదే జుంయ్. చాయ్ చల్లారిపోతది గాని లేవబుద్ధి కాదు.

పక్కింటోళ్ల ముచ్చట చెప్పకపోతే ఎట్ల. మొదటేడు "ఇంటి ముంగట అడివి పెంచుతున్నరేంది సార్" అన్నరు. పెత్రమాస, అంటే బతుకమ్మ మొదలయ్యే అమాస, రాంగనే అదే ఇంటి ఆడోళ్లు పొద్దున ఆరింటికి కవర్లు పట్టుకొని గేటుకాడ! తెలంగాణ వచ్చినంక 2014ల తంగేడును రాష్ట్ర పువ్వు చేసిండ్రు, బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిండ్రు. పట్నంల మాత్రం పండుగనాడు ఆ పువ్వు కావాల్నంటే గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు పరుగు పెట్టాలె. మొదటిరోజు ఎంగిలిపూలనాడే మొత్తం తెంపనియ్య, ఆఖరిరోజు సద్దులనాటికి ఉండాలె గదా అని నేనే కొమ్మకింత అని లెక్కపెట్టి ఇస్త. ముసలోడు పిసినారోడు అని అనుకుంటరు, అనుకోని.

నీకు అన్నీ మంచియే చెప్పి తర్వాత తిట్లు తినను. దీనికీ తక్కువలున్నయి. తెంపిన పువ్వు గ్లాసుల పెడితే పొద్దుమీకకముందే వాడిపోతది. చలికాలం పోయేసరికి చెట్టంతా చదునైన ఎండుకాయలు వేలాడి, గాలికి గలగల మంటది, చూపుకు బాగుండదు. అప్పుడే, అంటే ఫిబ్రవరి మార్చిల, మోకాలెత్తు దాక కొట్టెయ్యాలె. భయపడకు, మొదలు నుంచి మళ్ల చిగురిస్తది. కొత్త కొమ్మల మీదనే పూలు వస్తయి. నేను ఒకసారి బద్ధకంతోని జూలైల కొట్టిన, ఆ యేడు బతుకమ్మకు నా ఇంట్ల చెట్టున్నా పువ్వు లేదు. నాకే గుడిమల్కాపూర్ పరుగు.

ఇగ పురుగు. వానకాలం ఆకుపచ్చ గొంగళిపురుగులు ఆకు తింటయి. మందు కొట్టకు, కొన్నాళ్లకు అవే లేత పచ్చ కలిసిన తెల్ల సీతాకోకచిలుకలైతయి, చెట్టు మళ్ల ఆకేస్తది. నీళ్లు నిలిచే పల్లంల మాత్రం పెట్టకు. మొదటి ఎండకాలం వారానికొక బకెట్ పొయ్యి, ఆ తర్వాత దాని ఊసే ఎత్తకు. నువ్వు డ్యూటీకి పోయినప్పుడు మీ ఇంట్లామె ప్రేమతోని పైపు పెడుతదేమో, ఆమెకు ముందే చెప్పి పో. నీ మాట వింటదో లేదో నాకు డౌటే, నేను గూడ ఫోన్ చేస్త.

కవర్ల ఇరవై గింజలు పెట్టిన, మా గేటు మీదికి వంగిన కొమ్మయి. మృగశిరకు ఇంకా మూడు వారాలున్నది, అప్పటిదాక పొడి సీసాల ఉంచు. గడ్డపార కొనకు, నాదే తీసుకొస్త. తొలివాన పడంగనే ఫోన్ చెయ్యి, ఉప్పల్ దాక మెట్రోల వచ్చి ఆడికెళ్లి బస్సు ఎక్కుత. గడ్డపారను మెట్రోల రానిస్తరా అని మా ఇంట్లామె అడుగుతున్నది. రానియ్యకపోతే నువ్వే స్కూటర్ మీద వచ్చి తీసుకపో, మిర్చిబజ్జీలు నా తరఫు.

నీ దోస్తు