ఈసారి గడ్డలు చిన్నవి, వచ్చేసారి తక్కువ

ఈ విడత మా ఆలుగడ్డలు గోలీల్లా ఉన్నాయని చాలామంది అన్నారు. నిజమే. తినడానికి భయమేమీ లేదు, ఇది మొక్కకు వచ్చే రోగం. కోసినప్పుడు లోపల గోధుమరంగు చార కనిపిస్తే అంతవరకు తీసేసి వండుకోండి.

‘నీళ్లు సరిగ్గా పెట్టలేదా?’ అన్న మాట మాత్రం గుచ్చుకుంది. నేల తడిగా ఉండగానే కింది ఆకులు పసుపుబారాయి. కొన్ని ఆకులు ఒక పక్కే వాడాయి. కాడలు వాలిపోకుండా నిలబడే ఎండాయి. మొదలు దగ్గర కాడను ఏటవాలుగా కోస్తే, నీరు మోసే నాళాలు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. నీటి ఎద్దడికి ఇలా కాదు.

మట్టి పరీక్షలో ఇద్దరు దొంగలూ దొరికారు. ఒకటి వెర్టిసిలియం డాలియే అనే ఫంగస్, రెండోది ప్రాటిలెంకస్ పెనిట్రాన్స్ అనే నులిపురుగు. మిల్లీమీటరు పొడవు కూడా ఉండని ఈ పురుగు వేరులోకి దూరి, తింటూ తిరుగుతుంది. ఫంగస్ వేరులోంచి నాళాల్లోకి పాకుతుంది. విడివిడిగా ఉంటే పెద్దగా నష్టం చేయనంత తక్కువ మోతాదులో ఉన్నా, రెండూ కలిస్తే గడ్డ ఊరాల్సిన సమయంలోనే మొక్క చచ్చిపోతుంది.

విత్తన దుంపలు ఇచ్చినాయన సంగతీ చెప్పాలి. శుభ్రమైన విత్తనమని నమ్మబలికి, మట్టి పెళ్లలు అంటుకున్న దుంపలు పంపాడు. ఈ ఫంగస్ దుంపలోనూ వస్తుంది, దుంపకు అంటిన మట్టిలోనూ వస్తుంది. ముందే మా నేలలో ఉందా, ఆయన సరుకుతో వచ్చిందా అన్నది ఇప్పుడు తేల్చలేం, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అడగడానికి ఫోన్ చేస్తే ఎత్తడే! ఇన్నేళ్ల వ్యాపారానికి అదా మర్యాద? ఇక ఆయన దగ్గర ఒక్క దుంప కూడా కొనను.

నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ పొలంలో ఇప్పుడేం చేయాలన్నదే. మట్టికి విషవాయువు మందు పట్టించమని సలహా ఇచ్చారు. పనిచేస్తుంది, కాదనను. అయితే రెండూ పూర్తిగా పోవు, మళ్లీ పుంజుకుంటాయి, మళ్లీ మందు. మంచి చేసే జీవులూ పోతాయి. పోనీ మొక్కజొన్న వేద్దామా అంటే, ఫంగస్‌కు అది నచ్చదు గానీ ఈ నులిపురుగుకు పండగే. ఫంగస్ గట్టి నల్ల బీజాలుగా మారి పదేళ్లకు పైగా మట్టిలో ఉండగలదు, దాన్ని వెళ్లగొట్టడం నా వల్ల కాదు. పురుగును తగ్గించి జోడీ విడగొట్టడమే దారి. అందుకే బంతి వేస్తున్నాను. దాని వేళ్లలోకి దూరిన ఈ పురుగు బతికి బట్టకట్టదు. అమ్మే పంట మానేసి పూలు వేయడమేంటని ఇంట్లోనూ గొడవైంది. వేస్తాను.

ఎండిన కాడలు దున్నితే ఆ బీజాలు మట్టిలో కలుస్తాయి కాబట్టి వాటన్నిటినీ పొలం నుంచి తీసేశాం. మళ్లీ పరీక్ష చేయించి, పురుగు తగ్గిందని చూశాకే అక్కడ ఆలుగడ్డ. అప్పటిదాకా చిన్న చేలో పండేదే అమ్మకం. పాతవాళ్లకే ముందు ఇస్తాం, అయినా అందరికీ సరిపోదు. బయటి గడ్డలు తెచ్చి మా సంచిలో పోసి అమ్మమని మాత్రం అడగొద్దు.