బోర్డు చంకలో ఉండాల్సిన వేళ

సంపాదకులకు నమస్కారం.

కాలనీ పార్కులోంచి స్కేట్‌బోర్డు పిల్లల్ని తరిమేస్తే గొడవ పక్క వీధికి పోతుంది, అంతే. బోర్డు సాఫీగా జారాలని వాళ్లు గట్టు అంచుకు మైనం రుద్దుతారు. పొద్దున నడకకొచ్చిన పెద్దాయన కాలు అక్కడే జారుతుంది. మైనం మెట్లకు పూయకూడదు. చక్రాల గట్టిదనాన్ని ‘ఏ’ అనే కొలతలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ చక్రం గట్టిది. 99ఏ గట్టి చక్రాలు గరుకు రోడ్డు మీద చెవులు చిల్లులు పడేలా మోగుతాయి, 78ఏ మెత్తనివైతే మోత బాగా తగ్గుతుంది. పిల్లాడు పడితే బోర్డు ఒక్కటే దూసుకెళ్లి ఎదుటివాళ్ల కాళ్లకు తగులుతుంది. అందుకే జనం తిరిగే వేళ బోర్డు చంకలోనే ఉండాలి.

మధ్యప్రదేశ్‌ పన్నా జిల్లాలోని జన్వార్‌ అనే పల్లెలో 2015లో స్కేట్‌పార్కు కట్టారు. అక్కడి పేరుపొందిన నియమాలు రెండు: బడికి పోకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలదే ముందు వంతు. మన మున్సిపాలిటీలు ఓ మూల నున్నటి కాంక్రీటు పోయించి, వేళలు మాత్రం పిల్లలతోనే రాయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు