ఫుట్‌బాల్ అభిమానుల సంఘం, హైదరాబాద్: 2023-24 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనంతా ఒక్క జట్టు చుట్టూనే తిరిగింది. మన హైదరాబాద్ జట్టు శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్ ఫుట్‌బాల్ పోటీలో వరుసగా రెండోసారి రెండో స్థానంలో నిలిచింది. 24 మ్యాచ్‌లు, 48 పాయింట్లు. కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్ 52 పాయింట్లతో టైటిల్ గెలిచి దేశంలో పై శ్రేణి అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)కు వెళ్లిపోయింది. అంతకుముందు ఏడాది మనల్ని వెనక్కి నెట్టి పైకి వెళ్లింది పంజాబ్ జట్టు.

కొత్త సభ్యులు అడుగుతున్నారు కాబట్టి లీగ్ సంగతి కాస్త చెబుతాం. 2023-24లో ఐ-లీగ్ దేశంలో రెండో శ్రేణి. ఆ సీజన్‌లో పైకి వెళ్లే అవకాశం విజేత ఒక్కరికే. రెండో స్థానానికి ప్లేఆఫ్ (అదనపు అర్హత మ్యాచ్) కూడా లేదు. ఆర్నెల్లు ఐజ్వాల్ నుంచి శ్రీనగర్ దాకా తిరిగి ఆడిన జట్టుకు ఇది న్యాయం కాదని మా గట్టి అభిప్రాయం. అడుగున నిలిచిన మణిపూర్ జట్లు నెరోకా, ట్రావు కింది శ్రేణికి దిగిపోయాయి. అక్కడి హింస వల్ల ఆ రెండూ సొంతూరి మైదానం వదిలి వేరే రాష్ట్రాల్లో ఆడాల్సి వచ్చింది. పట్టికలో వాళ్ల స్థానం ఒక్కటే చూసి ఆ ఆటగాళ్లను తక్కువ చేయొద్దని సభ్యులకు మనవి.

ఏప్రిల్ 6 సాయంత్రం చాలామందిమి ఒకచోట కూర్చుని షిల్లాంగ్ లాజాంగ్ జట్టుతో మహమ్మదన్ ఆడిన మ్యాచ్ చూశాం. మొదటి నిమిషంలోనే మహమ్మదన్ ఆటగాడు అలెక్సిస్ గోమెజ్ గోల్ కొట్టాడు. లాజాంగ్ స్కోరు సమం చేసేసరికి గదిలో అందరూ లేచి నిలబడ్డారు. రెండో సగంలో కొజ్లోవ్ గోల్‌తో మహమ్మదన్ 2-1తో గెలిచింది, ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే టైటిల్ తేలిపోయింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మహమ్మదనే చివరి మ్యాచ్‌లో సొంతగడ్డపై ఢిల్లీ ఎఫ్‌సీ చేతిలో ఓడింది. అంత దగ్గరి పోటీ అది.

ఇక మన పని. శ్రీనిధి సొంత మైదానం డెక్కన్ అరీనా ఉన్నది అజీజ్‌నగర్‌లో, చిల్కూరు వైపు. బండి లేనివాళ్లకు రాత్రి మ్యాచ్ అయ్యాక తిరిగి రావడమే పెద్ద టెన్షన్. అందుకని మెహిదీపట్నం నుంచి వ్యాన్లు మాట్లాడాం. ఖర్చులో ఎక్కువ భాగం వాటికే పోయింది, పోయినా ఫర్వాలేదు. పని రోజుల్లో మ్యాచ్ ఉంటే మాత్రం వ్యాన్ సగం ఖాళీగానే వెళ్లింది.

బస్తీ పిల్లలను మ్యాచ్‌లకు తీసుకెళ్లడం ఈ ఏడాది మేం చేసిన మంచి పని. వాళ్లు ఆట కంటే ముందు వార్మప్‌కే అతుక్కుపోయారు. గోల్‌కీపర్ గ్లవ్స్ మీద నీళ్లు చల్లుకుంటుంటే, తడిస్తే బంతి జారిపోదా అని ఒక పాప అడిగింది. గ్లవ్స్ అరచేతి రబ్బరు కాస్త తడిగా ఉంటేనే బంతి పట్టు దొరుకుతుందని మా కోచ్ చెప్పాడు. ఆ వారం నుంచి ప్రాక్టీసులో పిల్లలందరి చేతిలో నీళ్ల బాటిల్!

భారత ఫుట్‌బాల్ జట్టు పాత కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ మీద ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. 1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం మన ఊరి కోచ్ చేతి మీదుగా వచ్చినవి. ఆయన శిక్షణ ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదుసార్లు, అప్పటి పెద్ద టోర్నీ అయిన రోవర్స్ కప్ గెలిచిందని చెబితే కుర్రాళ్లు మొదట నమ్మలేదు. ఆ రోజుల్లో ఫతే మైదాన్‌లో మ్యాచ్‌లు చూసిన పెద్దలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే మాకు పరిచయం చేయండి. వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయాలని కమిటీ తీర్మానించింది.

లెక్కల పుస్తకం సర్వసభ్య సమావేశంలో అందరి ముందూ ఉంచుతాం. చందా బాకీ ఉన్నవారు ఆ రోజే కట్టవచ్చు. వచ్చే సీజన్ వ్యాన్లకు పేర్లు కూడా అక్కడే రాసుకుంటాం. ముందు వరుస సీట్లు పిల్లలకే.

కార్యదర్శి