బ్యాటరీ పెట్టుకోండి గానీ లాభం వస్తుందని మాత్రం చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో సోలార్ మీద వచ్చిన కథనం చదివాను, దాని పక్కనే వేసిన సగం పేజీ ప్రకటన కూడా చూశాను. రెండింట్లోనూ ఒకటే మాట, ప్యానెళ్లతో పాటు ఇంట్లో లిథియం బ్యాటరీ కూడా పెట్టించేసుకుంటే ఐదేళ్లలో పెట్టిన డబ్బంతా వెనక్కి వచ్చేస్తుందట, ఆ తర్వాత అంతా మిగులేనట. ప్రకటనలో రాసుకుంటే వాళ్ల వ్యాపారం అనుకుని ఊరుకోవచ్చు, కథనంలో కూడా అదే లెక్క కనపడేసరికి మా ఎంవీపీ కాలనీలో కొంతమంది అడ్వాన్సులు ఇవ్వడానికి రెడీ అయిపోయారండి. నేను అకౌంట్స్ లో పనిచేసి రిటైరైనవాణ్ణి, కరెంటు సంగతులు ఇంజినీర్లకి తెలిసినంత తెలీవు గానీ కూడికలు తీసివేతలు వచ్చు, అందుకే రాస్తున్నా.

మా పక్కవీధిలో ఒకాయనకి ఇచ్చిన కొటేషన్ నేను చూశాను. 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 5 యూనిట్లు పట్టే బ్యాటరీ, ప్యానెళ్లకీ బ్యాటరీకీ కలిపి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, కేంద్రం సూర్యఘర్ పథకంలో ఇచ్చే 78,000 సబ్సిడీ పోగా మొత్తం రెండున్నర లక్షలు. బ్యాటరీ లేకుండా ఎంతండీ అని అడిగితే అప్పుడు చెప్పారు, లక్షా పది వేలు. అంటే బ్యాటరీ, దానికోసం మార్చాల్సిన ఇన్వర్టర్ కలిపి లక్షా నలభై వేలు, సబ్సిడీ ప్యానెళ్లకే కాబట్టి బ్యాటరీ సొమ్ము మొత్తం మన జేబులోంచే.

ఇప్పుడు ఆదా ఎంతో చూద్దాం. నెలకి 350 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి, మన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. కూడితే ఎనర్జీ చార్జీ ఒక్కటే 2,110 చిల్లర వస్తుంది, ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ, ట్రూఅప్ (పాత ఖర్చుల తేడాని తర్వాత వసూలు చేసేది) అంటూ మీదపడేవి వేరే. 3 కిలోవాట్ల ప్యానెళ్లు మన ఎండకి రోజుకి ఓ 12 యూనిట్లు ఇస్తాయి, నెలకి 360, అంటే బిల్లు దాదాపు ఊడ్చుకుపోతుంది, ఏడాదికి పాతిక వేల పైన ఆదా. లక్షా పది వేలు పెట్టినవాడికి నాలుగున్నరేళ్లలోపే డబ్బు వెనక్కొచ్చింది. చాలా మంచి బేరం, నేనే నలుగురికి చెప్పాను పెట్టించుకోమని.

కానీ చూడండి, ఈ పాతిక వేలు సంపాదించింది ప్యానెళ్లు, బ్యాటరీ కాదు. బ్యాటరీ ఉన్నా లేకపోయినా అదే పాతిక వేలు. ప్రకటనలో ఐదేళ్లు అన్నది ఇక్కణ్ణుంచే వచ్చింది, ప్యానెళ్ల ఆదాని ప్యాకేజీ మొత్తం ఆదా అని చూపించి, డబ్బు వెనక్కొచ్చే కాలం మాత్రం ప్యానెళ్లదే చెప్పారు. రెండున్నర లక్షలు పెట్టినవాడికి అదే పాతిక వేలతో పదేళ్లు పడుతుంది కదా. బ్యాటరీ పెడితే స్లాబు కూడా కిందకి దిగుతుందని ఆ కంపెనీ కుర్రాడు మా కాలనీలో చెప్పి వెళ్లాడు, అది ఇంకా విడ్డూరం, నెల మొత్తం మీద గ్రిడ్ నుంచి, అంటే కరెంటు వాళ్ల లైన్ నుంచి, తీసుకున్నదాంట్లో మనం పంపింది పోగా ఎన్ని యూనిట్లు మిగిలాయి అన్నదాన్ని బట్టి స్లాబు, బ్యాటరీ ఒక్క యూనిట్ కూడా తయారు చెయ్యదు, ఉన్నదాన్ని పగటి నుంచి రాత్రికి జరుపుతుంది అంతే.

జరిపేటప్పుడు కొంత పోతుంది కూడా, గాదె కింద పందికొక్కు లాగ. ఎంత మంచి బ్యాటరీ అయినా పది యూనిట్లు నింపితే తొమ్మిది చేతికొస్తాయి, మిగతాది ఇన్వర్టర్ లోనూ వేడిలోనూ పోతుంది. ఇక్కడే అసలు కిటుకు ఉందండి. మనకి నెట్ మీటరింగ్ ఉంది, పగలు మన పైకప్పు మీంచి గ్రిడ్ కి పంపిన యూనిట్ ని రాత్రి మనం వాడుకున్న యూనిట్ లోంచి తీసేసి మిగిలినదానికే బిల్లు వేస్తారు. యూనిట్ కి యూనిట్, తరుగు లేదు, అంటే డిస్కమ్, అదే కరెంటు పంపిణీ కంపెనీ, మనకి ఇప్పటికే ఒక పెద్ద బ్యాటరీ ఫ్రీగా ఇచ్చినట్టే. అది వదిలేసి ఐదున్నర యూనిట్లు సొంత బ్యాటరీలో పోసుకుంటే రాత్రికి 5 వస్తాయి, రోజుకి అర యూనిట్ నష్టం, 6 రూపాయల స్లాబు లెక్కన ఏడాదికి వెయ్యి రూపాయల పైనే. లక్షా నలభై వేలు ఖర్చుపెట్టి ఏటా ఎదురు వెయ్యి కట్టడం, దీన్నేనా మీ కథనంలో పెట్టుబడి అన్నారు.

అయితే ప్రపంచం అంతా పిచ్చివాళ్లా, ఆస్ట్రేలియాలో జనం ఎగబడి కొంటున్నారు కదా అని అడుగుతారు. మా తోడల్లుడి కొడుకు మెల్‌బోర్న్ లో ఉంటాడు, వాడూ పెట్టించాడు, వాడికి గిట్టుబాటే. అక్కడి లెక్క వేరు. పగలు అక్కడ ఇళ్ల మీద సోలార్ ఎంత ఎక్కువైపోయిందంటే హోల్‌సేల్ మార్కెట్ లో కరెంటు ధర సున్నా కిందకి కూడా పోతుంటుంది, తీసుకెళ్లినవాడికే ఎదురు డబ్బిచ్చే పరిస్థితి. అందుకని ఇంటివాళ్లు గ్రిడ్ కి అమ్మితే యూనిట్ కి నాలుగైదు సెంట్లు వస్తే గొప్ప, అదే సాయంత్రం కొనాలంటే 30 సెంట్లు. 4 కి అమ్మి 30 కి కొనే బదులు దాచుకుంటే ప్రతి యూనిట్ మీద పాతిక సెంట్లు మిగులు, దానికి తోడు 2025 జులై 1 నుంచి అక్కడి ప్రభుత్వం ఇంటి బ్యాటరీల ఖరీదులో 30 శాతం దాకా తగ్గేలా సాయం చేస్తోంది. కాలిఫోర్నియాలో అయితే ఇంకా స్పష్టంగా కనపడుతుంది, 2023 ఏప్రిల్ దాకా మనలాగే నెట్ మీటరింగ్, అప్పుడు బ్యాటరీ పెట్టేవాళ్లు తక్కువ. ఆ నెల మధ్య నుంచి కొత్తగా అప్లై చేసినవాళ్లకి గ్రిడ్ కి పంపే కరెంటు రేటు నాలుగో వంతుకి కోసేశారు, వెంటనే సోలార్ పెట్టినవాళ్లలో ఎక్కువమంది బ్యాటరీ కూడా తీసుకోవడం మొదలెట్టారు. బ్యాటరీ మారలేదు, రేటు మారింది.

అంటే బ్యాటరీకి లాభం వచ్చేది పగటి ధరకీ రాత్రి ధరకీ ఉన్న తేడా లోంచి. మరి ఆ తేడా ఎంతుండాలి? లక్షా నలభై వేల బ్యాటరీని రోజుకోసారి నింపి ఖాళీ చేస్తే, వారంటీ ఉండే పదేళ్లలో మొత్తం 18,250 యూనిట్లు చేతికొస్తాయి, భాగిస్తే ఒక్కో యూనిట్ దాచుకునే ఖర్చు ఏడు రూపాయల అరవై ఏడు పైసలు. ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఆరు వేల సార్లు నింపినా పనిచేస్తుందని కాగితం మీద రాస్తారు, సరే పదహారేళ్లు వస్తుందనే అనుకుందాం (మన ఉప్పుగాలికి ఇన్వర్టర్ బోర్డులు అన్నాళ్లు నిలబడతాయా అన్నది నా అనుమానం), అప్పుడు కూడా 4.70 దాకా. తేడా దానికంటే ఎక్కువుంటేనే మిగులు.

2023 జూన్ లో కేంద్రం కరెంటు వినియోగదారుల రూల్స్ మార్చింది, టైమ్ ఆఫ్ డే అని, అంటే వేళని బట్టి రేటు, సోలార్ వేళల్లో మామూలు రేటు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, రద్దీ వేళల్లో ఇళ్లకి కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి, వ్యవసాయం తప్ప అందరికీ 2025 ఏప్రిల్ 1 కల్లా రావాలి అని. మన ఇళ్ల బిల్లు ఇంకా స్లాబుల మీదే నడుస్తోంది గానీ, అది రేపే వచ్చిందనుకోండి, కనీస తేడాతోనే వచ్చిందనుకోండి, 6 రూపాయల రేటు పగలు 4.80, సాయంత్రం 6.60 అవుతుంది. ఐదున్నర యూనిట్లు పగలు నింపి 5 సాయంత్రం వాడితే రోజుకి మిగిలేది ఆరు రూపాయల చిల్లర, ఏడాదికి 2,400, అసలు రావడానికి దాదాపు అరవై ఏళ్లు. ఏసీలు గట్టిగా వాడి 9.75 స్లాబులో ఉండే ఇంటికైనా ఏడాదికి 4,000 దాటదు. అదే లక్షా నలభై వేలు బ్యాంకులో ఏడు శాతానికి ఫిక్స్‌డ్ వేస్తే ఏటా 9,800 వస్తుంది, అసలు అలాగే ఉంటుంది, పదేళ్ల తర్వాత బ్యాటరీ ఎవరు కొంటారండీ.

నిజానికి మన దేశంలోనూ ఆ తేడా ఉంది, మన మీటర్ దాకా రావడం లేదంతే. డిస్కమ్‌లు కరెంటు కొనుక్కునే పవర్ ఎక్స్ఛేంజ్ లో మధ్యాహ్నం రెండు మూడు రూపాయలకి దొరికే యూనిట్ సాయంత్రం పొద్దుపోయాక గరిష్ట పరిమితి 10 రూపాయలని తాకిన రోజులు ఉన్నాయి. ఎందుకంటే సాయంత్రం ఆరయ్యేసరికి సోలార్ మొత్తం ఒక్కసారే దిగిపోతుంది, అప్పుడే ఇళ్లలో లైట్లు ఏసీలు మొదలవుతాయి, మన పరవాడ సింహాద్రి లాంటి బొగ్గు ప్లాంట్లని పగలు మరీ తగ్గించేసి సాయంత్రం గబుక్కున ఎత్తడం కుదరదు. ఆ తేడా భారం మోసేది డిస్కమ్, తర్వాత ఏ ట్రూఅప్ పేరుతోనో మనమే కడతాం. మరి డిస్కమ్ మన ఇంటి బ్యాటరీలకి డబ్బిచ్చి ఆ రెండు మూడు గంటలు వాడుకోవచ్చు కదా అంటే, వాడుకోవచ్చు, విదేశాల్లో వేల ఇళ్ల బ్యాటరీలని కలిపి ఒక పవర్ ప్లాంట్ లాగ నడిపిస్తున్నారు కూడా. కానీ వాళ్లకి అంతకంటే చవక దారి ఉంది. గ్రిడ్ కోసం పెట్టే పెద్ద బ్యాటరీలకి 2022 లో కేంద్ర సంస్థ సెకీ టెండర్ లో నెలకి మెగావాట్ కి పదిన్నర లక్షల పైన అద్దె పలికింది, 2024 చివర్లో రాజస్థాన్ టెండర్ లో కేంద్రం సాయం కలుపుకుని 2.21 లక్షలకి దిగింది. రెండు గంటల బ్యాటరీ అది, రోజుకి ఒక్కసారే నింపి వాడినా యూనిట్ కి నాలుగు రూపాయలు కూడా పడదు. మా ఇంటి గోడకి తగిలించిన డబ్బా దాంతో ఎక్కడ పోటీ పడుతుంది చెప్పండి. సబ్‌స్టేషన్ పక్కన పెద్దది పెడితే అందరికీ పనికొస్తుంది, నన్నడిగితే ప్రభుత్వం సాయమేదైనా చేస్తే దానికే చెయ్యాలి.

బ్యాటరీ వద్దే వద్దని మాత్రం అనను. 2014 అక్టోబర్ 12 మనం మర్చిపోతామా, హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్నాం, ఫోన్ చార్జింగ్ కోసం, మోటార్ కోసం జనరేటర్ ఉన్నవాళ్ల ఇంటికి పరిగెత్తాం. ఇంకో విషయం చాలామందికి తెలీదు, బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టినవాళ్లకి లైన్ లో కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఇంట్లో ఫ్యాన్ తిరగదు, స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్ కి మన ప్యానెళ్ల కరెంటు తగలకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటే గ్రిడ్ నుంచి తెగిపోయి ఇంటివరకు నడుస్తుంది. 5 యూనిట్లతో ఫ్రిజ్, రెండు మూడు ఫ్యాన్లు, లైట్లు రాత్రంతా గడిచిపోతాయి, ఏసీ వేస్తే మాత్రం మూడు గంటలే. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ మీద పెద్దవాళ్లున్నా, ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లలున్నా దానికో విలువ ఉంది, ఆ విలువ ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. ఫ్యాన్లు లైట్లే చాలనుకుంటే పాతిక ముప్పై వేల ట్యూబులర్ బ్యాటరీ ఇన్వర్టర్ ఎప్పట్నుంచో ఉంది, డిస్టిల్డ్ వాటర్ పోసుకునే ఓపిక ఉంటే.

రేపు నెట్ మీటరింగ్ తీసేసినా, పంపిన యూనిట్ కి రెండు రూపాయలే ఇస్తామన్నా ఈ లెక్క మారిపోతుంది, ఒప్పుకుంటాను. అసలు ఏమీ ఇవ్వని రోజు వస్తే 9.75 స్లాబు ఇంటికి ఎనిమిదేళ్లలో, 6 రూపాయల ఇంటికి పదమూడేళ్లలో బ్యాటరీ డబ్బు వెనక్కొస్తుంది, ఆలోగా బ్యాటరీల రేట్లూ ఇంకా దిగుతాయి. 2010 ప్రాంతంలో యూనిట్ నిల్వకి వెయ్యి డాలర్లు దాటి ఉన్న లిథియం ప్యాక్ 2024 కి 115 డాలర్లకి వచ్చింది. అందుకని ఇప్పుడు ప్యానెళ్లు పెట్టించుకునేవాళ్లు తొందరపడి బ్యాటరీ కొనక్కర్లేదు, తర్వాత తగిలించుకునే వీలున్న ఇన్వర్టర్ కి కొంచెం ఎక్కువైనా పెట్టడం మేలు.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఆ కథనంలోని పట్టికని రెండు గళ్లు చేసి మళ్లీ వేయండి, ప్యానెళ్ల ఖర్చు ప్యానెళ్ల ఆదా ఒక గడి, బ్యాటరీ ఖర్చు బ్యాటరీ ఆదా ఇంకో గడి. విద్యుత్ నియంత్రణ కమిషన్ వారు ఈసారి టారిఫ్ మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఇళ్లకి పగలు రాత్రి రేట్ల తేడా ఎంత పెడతారో, నెట్ మీటరింగ్ ఇప్పటికే తీసుకున్నవాళ్లకి ఎన్నేళ్లు కొనసాగిస్తారో ముందే చెప్పమని మీ రిపోర్టర్ చేత అడిగించండి, అది తేలకుండా పదేళ్ల లెక్క ఎవరూ వెయ్యలేరు. మా కాలనీ వాళ్లకైతే బ్యాటరీ అడ్వాన్సులు ఆపమన్నాను, ప్యానెళ్లవి ఆపొద్దన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక రిటైర్డ్ అకౌంటెంట్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం